పలక మీద రెండు బిళ్ళలు

మధ్యాహ్నం రెండు దాటింది. అన్నం గిన్నెలు కడిగి ఆ నీళ్ళు వంటింటి తూములో పోశాను. నీళ్ళు బయటికి పోలేదు. కాసేపు తూము నోట్లోనే ఆగి, నెమ్మదిగా నా కాళ్ళ వైపు తిరిగి వచ్చాయి. వాటితో పాటు బొగ్గు మసి, రెండు వేపాకులు, పక్కింటి వాళ్ళు పారేసిన ఉల్లిపొట్టు వచ్చాయి. బయటి కాలువ నిండి ఇంట్లోకి పారుతోందన్నమాట. పొద్దున్నుంచీ వాన పడుతూనే ఉంది, ఆ చప్పుడుకు చెవులు అలవాటు పడిపోయాయి. కానీ నీళ్ళు వెనక్కి రావడం చూడగానే గిన్నెలు అక్కడే వదిలేసి లేచాను. పద్మ, చిన్నోడు బడిలో ఉన్నారు. బడి వాగు అవతల ఉంది.

ఈ పది రోజులుగా నా మనసు తిరిగి తిరిగి ఆ తూము దగ్గరికే పోతోంది. నా భయం మొదట అక్కడ పుట్టింది. అదే నా పిల్లలను క్షేమంగా నా దగ్గరికి చేర్చింది. అదే ఇంకొక ఇంటి మనిషిని తీసుకుపోయింది. ఇవాళ ఆయన పదో దినం. పిల్లలు పడుకున్నాక, ఆయన గురించి నాకు తెలిసినంత రాసిపెట్టాలని లాంతరు దగ్గర కూర్చున్నాను. ఆయన ఎక్కడ పుట్టాడో, ఎన్నేళ్ళవాడో నాకు తెలియదు. పేరు కూడా ఇవాళే విన్నాను. కాలనీలో పెద్దవాళ్ళకు ఆయన డ్రైవర్ సాబ్, పిల్లలకు మామ. ఆ పేరు ఇక్కడ రాయను. రాస్తే ఎవరో కొత్త మనిషిలా కనిపిస్తాడు.

మాది బెల్లంపల్లి పక్కన గని కాలనీ. మా ఆయనకు సర్వే ఆఫీసులో పని. నేను సుల్తానాబాద్ పిల్లను. హైదరాబాదులో బి.ఏ. చదివి, పెళ్ళయి ఈ బొగ్గు ఊరికి వచ్చాను. కాలనీకీ బడికీ మధ్య వాగు. దాని మీద వంతెన లేదు, రాళ్ళు పేర్చి సిమెంటు పోసిన కట్ట ఉంది. ఎండాకాలం దాని మీద మేకలు పడుకుంటాయి. వానాకాలం నీళ్ళు దాని మీది నుంచే పోతాయి. కొంచెం ఎగువన బొగ్గు బండ్లు పోయే ఎత్తయిన రైలు వంతెన. మా కాలనీ నుంచి ఇరవై ముగ్గురు పిల్లలు రోజూ ఆ కట్ట దాటి బడికి పోవాలి. వాళ్ళను తీసుకుపోయే బస్సు ఒకప్పుడు లారీ. దాని మీద చెక్క డబ్బా కట్టి, కిటికీలకు అద్దాలు లేక టార్పాలిన్ గుడ్డలు వేలాడదీసి, బస్సు అని పేరు పెట్టారు. ఆయన మాత్రం దాన్ని ‘ముసల్ది’ అనేవాడు.

ఆయన వానాకాలం రోహిణి కార్తెలోనే మొదలయ్యేది. బడికి సెలవులు. మేమంతా తలుపులు మూసుకుని తడిపిన వట్టివేళ్ళ తడికల చాటున ఉండేవాళ్ళం. ఆయన మాత్రం నడి ఎండలో బస్సు కింద పడుకుని ఉండేవాడు, కాళ్ళు మాత్రం బయట కనిపించేవి. టార్పాలిన్లు విప్పి నేల మీద పరిచి మైనం రుద్దేవాడు. పాత సైకిల్ ట్యూబును రిబ్బన్లలా కోసి, నీళ్ళు తగలకుండా ఇంజను తీగలకు చుట్టేవాడు. వెనక చక్రాలు జారకుండా వెనక సీటు పక్కన నాలుగు ఇసుక మూటలు. బురదలో చక్రం దిగబడితే కిందికి వేయడానికి గోనె సంచులు. ఎవరైనా చూసి, “ఏంది డ్రైవర్ సాబ్, ఆకాశంల మబ్బు తునక లేదు, గిప్పుడే మొదలువెట్టినవ్?” అంటే, “మబ్బొచ్చినంక మబ్బును సూసుడే గని పనెక్కడైతది?” అనేవాడు.

ఆ తర్వాత వాగు దగ్గరికి పోయి, కట్ట పక్కన పాతిన టేకు గుంజకు కొత్తగా సున్నం గీతలు గీసేవాడు. మూడు గీతలు. నీళ్ళు మొదటి గీత దాకా ఉంటే బస్సు దాటుతుంది. రెండో గీత తాకితే బస్సు ఆగుతుంది, పిల్లలు దిగి ఆయన వెంట రైలు వంతెన మీది నుంచి నడుస్తారు. మూడో గీత తాకితే ఎవరూ ఎక్కడికీ కదలరు, బడిలోనే ఉంటారు. ఈ మూడూ పిల్లలకు ఎక్కం లాగా వచ్చు. నీళ్ళలోంచి బస్సు బయటపడ్డాక ఆయన తడిసిన బ్రేకు ఆరేదాకా తొక్కి వదులుతూ, తొక్కి వదులుతూ పోయేవాడు. ఎందుకు మామా అని పిల్లలు అడిగితే, “ముసల్ది కాళ్ళు తుడుసుకుంటున్నది, ఇల్లు ఖరాబైతదని” అనేవాడు. మా చిన్నోడు అది నమ్మి, ఇంట్లోకి వచ్చే ముందు గడప దగ్గర కాలు ఎత్తి దించి, ఎత్తి దించి వచ్చేవాడు.

ఆయన ఎడమ చేతికి మూడు వేళ్ళే ఉండేవి. ఆ చేత్తోనే పిల్లలను లెక్కపెట్టేవాడు, రెండుసార్లు. “వేళ్ళు తక్కువున్నయి గద, ఒక్కసారి ఎంచితే తప్పు పోతది” అని నవ్వేవాడు. పిల్లలు బస్సులో ఉండగా చాయ్ ముట్టేవాడు కాదు. ఏ ఇంటి ముందు ఆగినా ఎవరో ఒకరు గ్లాసు తెచ్చి ఇవ్వబోయేవారు. “అందరు ఇండ్లకు చేరినంక” అనేవాడు. అందరూ చేరాక ఆయన కాలనీ చివర ఉండేవాడు, అక్కడ చాయ్ ఇచ్చేవాళ్ళు ఎవరూ ఉండరు.

ఇంకొక అలవాటు. ఎవరు ఏ సంగతి చెప్పినా ఆయన అడిగేది ఒక్కటే. “మామా, రేపు సెలవట!” అని పిల్లలు ఎగిరితే, “సూసినవా, ఇన్నవా?” అనేవాడు. “విన్న.” “అయితే బండి వస్తది.” వచ్చేది కూడా. ఒకసారి నిజంగానే సెలవై, ఖాళీ బస్సు మా గుమ్మం ముందు వచ్చి నిలబడితే అందరం నవ్వాం. ఆయన ఏమీ అనుకోలేదు. ఖాళీ బస్సు తిప్పుకుని పోయాడు.

బిళ్ళల సంగతి చెప్పాలి.

గనిలోకి దిగే ప్రతి మనిషికీ ఒక ఇత్తడి బిళ్ళ ఉంటుంది. దిగేటప్పుడు దాన్ని పైన పలక మేకుకు తగిలించి పోతాడు, ఎక్కి వచ్చాక తీసుకుంటాడు. మేకుకు బిళ్ళ ఉందంటే మనిషి ఇంకా లోపల ఉన్నాడని. డ్రైవరు కాక ముందు ఆయన చాలా ఏళ్ళు గనిలో పనిచేశాడు. ఆ పద్ధతిని బస్సుకు తెచ్చాడు. డాల్డా డబ్బా రేకును గుండ్రంగా కత్తిరించి, అంచులు గుచ్చుకోకుండా నూరి, మేకుతో చుక్కలు కొట్టి అంకె వేసి, ఎర్ర దారం కట్టి ఇరవై ముగ్గురికీ ఇరవై మూడు బిళ్ళలు చేశాడు. పొద్దున బస్సెక్కగానే మెడలోంచి తీసి డ్రైవరు సీటు వెనక పలకకు తగిలించాలి. సాయంత్రం ఇంటి ముందు దిగేటప్పుడు ఎవరి బిళ్ళ వాళ్ళే, తమ చేత్తోనే తీసుకోవాలి. పలక ఖాళీ అయితేనే ఆయన ఇంటికి పోతాడు. మృగశిర నుంచి దసరా దాకా ఇదే వరస. మా పద్మది ఇరవై రెండు, చిన్నోడిది ఇరవై మూడు.

బిళ్ళలు చూసి నాకు ముద్దుగానే అనిపించింది. తాడు చూసినప్పుడు మాత్రం కోపం వచ్చింది.

పోయినేడు బడి తెరిచిన మొదటి వారం. కాలనీ మైదానంలో పిల్లలంతా ఒక పొడుగాటి తాడు పట్టుకుని వరసగా నడుస్తున్నారు. తాడుకు అడుగు అడుగుకూ ఒక ముడి, ఒక్కో ముడి ఒక్కో పిల్ల చేతిలో. అందరి కళ్ళూ మూసి ఉన్నాయి. ముందర ఆయన వెదురు కట్టెతో నేల పొడుస్తూ నడుస్తున్నాడు. ఎండ పేలిపోతోంది. మా చిన్నోడికి అప్పుడు నాలుగేళ్ళు, ముఖం కందిపోయి ఉంది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా పోయాను.

“ఏందిది డ్రైవర్ సాబ్? మా పిల్లలను మేకల తీరు తాడుకు కట్టినవ్?”

“కట్టలే తల్లీ, పట్టుకొమ్మన్న” అన్నాడు నెమ్మదిగా. “కడితే ఒక్కడు జారినా అందరు పోతరు. పట్టుకున్నోడు ఇడిసిపెట్టొచ్చు.”

“ఎండల కండ్లు మూసి నడిపిచ్చుడేంది?”

“వానల కండ్లు తెరిసినా ఏం కనవడది గద. ఇప్పుడు నేర్సుకుంటే అప్పుడు ఏడ్వరు.”

పక్క లైను కాంపౌండరు భార్య నడుము మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది. “నీకు తెల్వదా అక్కా, డ్రైవర్ సాబ్‌కు పిల్లలు లేకపాయె. అందుకే అందరి పిల్లలను ఒక్క తాడు మీద ఆరేసుకుంటుండు!”

అక్కడున్న ఆడవాళ్ళంతా నవ్వారు. ఆయనా నవ్వాడు. నేను మాత్రం నవ్వలేదు. మర్నాడు బడి ఆఫీసుకు పోయి ఫిర్యాదు చేశాను. ముసలాయనకు పాత గని అలవాట్లు పోలేదు, ఏమనుకోకండి అని వాళ్ళు తేలిగ్గా తీసేశారు. ఆయనకు ఈ సంగతి తెలిసింది. తెలిసినా మా ఇంటి ముందు బస్సు ఆపినప్పుడు ఎప్పటిలాగే కిందికి దిగి, చిన్నోడిని చంకలు పట్టి ఎత్తి లోపల నిలబెట్టేవాడు.

ఆ శ్రావణంలో ఒక సాయంత్రం బస్సు వచ్చింది. పద్మ ఒక్కతే దిగింది, ముఖంలో రక్తం లేదు. తమ్ముడు కనిపించడం లేదంది. నేను చిన్నోడా అని అరుస్తూ బస్సు వైపు పరుగెత్తాను. ఆయన మాత్రం కంగారు పడలేదు. “బిళ్ళ ఉన్నది, పిల్లగాడు ఈడనే ఉండాలె” అంటూ ఒక్కో సీటు కిందా వంగి చూస్తూ వెనక దాకా పోయాడు. చివరి సీటు కింద, ఇసుక మూటల మధ్య, మావాడు ముడుచుకుని నిద్రపోతున్నాడు. వాడి నిద్ర అలాంటిది, పక్కన డప్పు కొట్టినా లేవడు.

భుజాన వేసుకుని తెచ్చాడు. నేను చేతులు చాచాను. ఇవ్వలేదు.

“లేపు బిడ్డా. బిళ్ళ తీసుకోవాలె.”

“పండుకోనియ్యరాదు. బిళ్ళ నాకియ్యి.”

“నీకియ్య. ఎవరి బిళ్ళ వాళ్ళే తీసుకోవాలె.”

వానలో మా అరుగు మీద అలాగే నిలబడ్డాడు. నేను నీళ్ళు చల్లాను, చెవులు పిండాను. ఎంతసేపటికో చిన్నోడు ఒక్క కన్ను తెరిచి, చెయ్యి చాచి బిళ్ళ పట్టుకుని మళ్ళీ నిద్రపోయాడు. “గీడు పెద్దగైతే రాత్రి షిఫ్టుకు అక్కరకు రాడు” అని నవ్వుతూ అప్పుడు నా చేతికిచ్చాడు.

ఆ రోజు నేనే అడిగాను, ఇంత పట్టుదల ఎందుకని. మెట్టు మీద ఒక కాలు పెట్టి నిలబడి, నేను కాచిన చాయ్ గ్లాసు అరుగు మీద అలాగే చల్లారుతుండగా చెప్పాడు.

“నిజాం జమానల ముచ్చట బిడ్డా. నేను, నా తమ్ముడు ఒక్క షిఫ్టే. నేను ముందుగాల ఎక్కిన. ‘అందరు ఎక్కిండ్రు’ అన్నరు. నేను ఇన్న. ఇంటికి పోయి, కాళ్ళు కడుక్కొని, అన్నం తిన్న. నా తమ్ముని బిళ్ళ మేకుకే ఉన్నది. ఎవ్వలు సూడలే. నేను గూడ సూడలే.” మూడు వేళ్ళ చేతిని ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు. “గీ రెండు వేళ్ళు ఆని మీది రాళ్ళు తీసేటప్పుడు పోయినయి. గవి పోయినందుకు నాకు రంది లేదు. నేను అన్నం తిన్న గద. ఆడు లోపల ఉన్నప్పుడు...”

బస్సు వైపు నడుస్తూ మళ్ళీ ఆగాడు.

“నీకు, నాకు ఒక్కటే బీమారి బిడ్డా. భయం. నేను నా భయాన్ని తాడుకు ముడేసిన. నువ్వు కొంగుకు ముడేసుకున్నవ్. కొంగు నీ ఇద్దరికే సాలుతది.”

అప్పుడు నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను.

ఇక ఆ రోజు.

తూములో నీళ్ళు చూసి, ఇంటికి తాళం వేసి, సర్వే ఆఫీసుకు పరుగెత్తాను. మా ఆయన గని పంపుల దగ్గరికి పోయాడన్నారు. ఆఫీసు జీపు డ్రైవరును బతిమాలాను. ఊరు చుట్టు తిరిగి పెద్ద రోడ్డు మీదుగా బడికి పోయాం. బడి ముందు ముసల్ది నిలబడి ఉంది. ఆయన లేడు, సైకిలు మీద వాగు గీతలు చూడ్డానికి పోయాడట. పద్మ వాళ్ళ టీచరుకు చెప్పి పిల్లలిద్దరినీ లాక్కొచ్చాను. జీపు ఎక్కే దగ్గర పద్మ ఆగిపోయింది.

“అమ్మా, బిళ్ళలు. బస్సుల ఉన్నయి. తీసుకోకుంటే మామ లెక్క తప్పుతది.”

బస్సు పది అడుగుల దూరంలో ఉంది. పద్మ ఎక్కి, రెండు దారాలు మేకుల నుంచి తీసి, దిగి రావడానికి ఎంతసేపు? కానీ వాన. జీపు డ్రైవరు హారను కొడుతున్నాడు. ఇద్దరూ నా చేతుల్లో ఉన్నారు, ఒక్క క్షణం కూడా ఒకరి చెయ్యి వదలాలనిపించలేదు.

“రేపు తీసుకుందువు గాని, ఎక్కు” అన్నాను.

ఇక్కడి నుంచి నేను చూసింది కాదు, విన్నది. ఆయన ఒప్పుకోడు. అయినా నలుగురిని విడివిడిగా అడిగి, అందరూ ఒకే తీరుగా చెప్పిన మాటలే రాస్తున్నాను.

ఆయన వాగు దగ్గరి నుంచి వచ్చేసరికి టీచర్లు పిల్లలను బస్సులో కూర్చోబెట్టేశారు. నీళ్ళు రెండో గీతకు దగ్గరగా ఉన్నాయి, పెరుగుతున్నాయి; పెద్ద రోడ్డు దారి అప్పటికే మునిగింది. “అందరు ఎక్కిండ్రా?” అంటే “ఎక్కారు” అన్నారు. ఆ ఒక్క రోజు ఆయన లెక్కపెట్టకుండా బండి తీశాడు. వాగు గట్టుకు చేరేసరికి నీళ్ళు రెండో గీత దాటాయి. బస్సు ఆపి, పలకను మేకు నుంచి తీసి చంకలో పెట్టుకుని, పిల్లలను దింపి తాడు పట్టించాడు. నీళ్ళు రోడ్డు పక్క పల్లం మీదికి ఎక్కుతున్నాయి, పిల్లలకు చీలమండల దాకా వచ్చాయి. తాడుకు రెండు ముడులు ఖాళీగా ఉన్నాయి.

కాంపౌండరు పెద్ద కూతురు చెప్పింది: “వాళ్ళమ్మ జీపుల తోలుకపోయిందట మామా.”

“సూసినవా, ఇన్నవా?”

“విన్న మామా.”

ఆయన బస్సు వైపు తిరిగి, “చిన్నోడా!” అని మూడుసార్లు అరిచాడట. తాడు కొస చేతిలో ఉంది. ఇరవై ఒక్కమంది నీళ్ళలో నిలబడి ఉన్నారు. అది వదిలేసి బస్సెక్కి చూసే వీలు లేదు. నడవమన్నాడు. కట్టెతో నేల పొడుస్తూ, ఎప్పుడో ఎండలో నేర్పినట్టే, రైలు కట్ట ఎక్కించి వంతెన దాటించాడు. ఒక్క పిల్ల కూడా ఏడవలేదట.

ఇవతల గట్టున తండ్రులు కాచుకుని ఉన్నారు. పిల్లలు ఒక్కొక్కరే పలక మీది బిళ్ళ తీసుకుని వాళ్ళ దగ్గరికి పోయారు. రెండు మిగిలాయి. ఒకతను మా క్వార్టరుకు పరుగెత్తి చూసి వచ్చాడు. తాళం ఉందన్నాడు.

“ఊళ్ళెకు పోయిండ్రు కావచ్చు డ్రైవర్ సాబ్” అన్నారు ఎవరో.

“కావచ్చా?”

“పిల్లలందరు అంటనే ఉన్నరు గద, తల్లే తోలుకపోయిందని! ఆగరాదు జర.”

“అప్పుడు గూడ అందరు అన్నరు” అన్నాడట ఆయన. ఎప్పుడని అక్కడ ఎవరికీ అర్థం కాలేదు. నాకు చెప్పినప్పుడు అర్థమైంది.

“నీళ్ళు మూడో గీతకొచ్చినయి, పోకు.”

“ఆ పిల్లగాడు పండుకుంటే లేవడు, అక్క ఆన్ని ఇడిసి రాదు. నాకెరుక.”

రెండు బిళ్ళలూ చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాడు. ఎవరో చాయ్ గ్లాసు అందించబోతే, “వచ్చినంక” అన్నాడు. రైలు వంతెన మీది నుంచి వెనక్కి పోయాడు.

ఆ సమయంలో నేను చాయ్ తాగుతున్నాను. కాలనీ రోడ్డు మీదికి నీళ్ళు వచ్చాయని, వాన తగ్గేదాకా ఊళ్ళో మా ఆయన స్నేహితుడి ఇంట్లో ఆగాం. వాళ్ళావిడ వేడి వేడి పకోడీలు వేసింది. చిన్నోడు నా ఒళ్ళో తింటున్నాడు. నేను పద్మ తల తుడుస్తుంటే నా చెయ్యి దాని మెడ మీదికి పోయింది. ఎర్ర దారం లేదు.

“మా బిళ్ళలు ఉంటే మామ ఇంటికి పోడమ్మా” అంది పద్మ.

“పిచ్చిదానా, అందరు చెప్తరులే” అన్నాను.

పొద్దుగూకేటప్పుడు ఇంటికి చేరాం. మా ఆయన గేటు దగ్గర తడిసి ముద్దై నిలబడి ఉన్నాడు. జీపులో పిల్లలను చూసి అక్కడే బురదలో కూలబడ్డాడు. “వీళ్ళు నీ దగ్గర ఉన్నరా? నీ దగ్గరనే ఉన్నరా?” అని రెండుసార్లు అడిగాడు. మరుక్షణం లేచి వాగు వైపు పరుగెత్తాడు. గట్టు మీద నిలబడి మా ఆయనా, ఇంకో పదిమందీ అవతలికి అరిచారట, “పిల్లలు దొరికిండ్రు, వాపస్ రా, పిల్లలు ఇంట్ల ఉన్నరు” అని. బస్సు ఉండాల్సిన చోట నీళ్ళే ఉన్నాయి.

తెల్లవారేసరికి వాన ఆగింది. వాగు తగ్గింది. పిల్లలు లేవక ముందే నేను పోయాను.

ముసల్ది తుమ్మచెట్లకు ఆనుకుని పక్కకు పడి ఉంది. లోపల అన్ని సీట్లూ వాటి చోట్లలో ఉన్నాయి, చివరిది తప్ప. చివరి సీటు పలకలు పెరికి ఉన్నాయి. ఇసుక మూటలు ఒక పక్కకు జరిపి ఉన్నాయి. నీళ్ళు మూటలను అంత పద్ధతిగా జరపవు. ఆయన అక్కడికి కొంచెం దిగువన, మెత్తటి ఇసుక మీద ఉన్నాడు. ఎవరో తువ్వాలు కప్పారు. మూడు వేళ్ళ చెయ్యి బయటికి ఉంది.

ఆయన భార్య తల దగ్గర కూర్చుని ఉంది. నేను ముందర నిలబడ్డాను. కాళ్ళ మీద పడదామనుకున్నాను, ఒళ్ళు వంగలేదు. ఆమే తలెత్తింది.

“పిల్లలు పైలంగ ఉన్నరా?”

తల ఊపాను.

“ఇంట్ల ఉన్నరా? నువ్వు సూసినవా?”

“చూసిన.”

“మంచిగైంది” అంది. కొంగుతో ఆయన నుదుటి మీది ఇసుక తుడిచింది. “గీ ఒక్క ముచ్చట ఆయనకు తెల్వకపాయె.”

తర్వాత పిడికిలి విప్పింది. అందులో రెండు బిళ్ళలు, ఎర్ర దారాలు చిక్కుపడి ఉన్నాయి. జేబు గుండీ పెట్టినట్టే ఉందట. నేను చెయ్యి చాచాను. ఆమె పిడికిలి మూసింది, కోపంగా కాదు.

“నీకిస్తే ఆయన ఒప్పుకోడు బిడ్డా. ఎవరి బిళ్ళ వాళ్ళే తీసుకోవాలె.”

ఇంటికి వచ్చేసరికి మా ఆయన వాకిట్లో ఉన్నాడు. “పిల్లలకు గిప్పుడే చెప్పకు. వేరే గనికి బదిలీ అయిందని చెప్దాం. పసిపిల్లలు, బెదురుకుంటరు” అన్నాడు. నిన్నటి నేనైతే అదే చెప్పేదాన్ని. ఇంకొంచెం భయాన్ని కొంగుకు ముడివేసుకునేదాన్ని.

లోపలికి పోయాను. ఇద్దరూ లేచి మంచం మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే పద్మ, “మామ బిళ్ళలు తెచ్చిండా?” అంది.

ఇద్దరి ముందర కింద కూర్చున్నాను.

“మామ నిన్న మీ కోసం దేవులాడుకుంట పోయిండు. వాగుల చచ్చిపోయిండు. మీరు నా దగ్గర ఉన్నరని ఆయనకు తెల్వది. నేను చెప్పలే. నువ్వు చెప్పిన మాట నేను ఇనలే పద్మా. తప్పు నాది. మీ ఇద్దరిది కాదు. ఎప్పటికీ కాదు.”

పద్మ మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. చిన్నోడు నా ముఖంలోకి చూశాడు. వాడికి తెలిసిన ఒకే ఒక్క దారి ఉంది, మామ నేర్పిన దారి. అదే అడిగాడు.

“సూసినవా, ఇన్నవా?”

“చూసిన బిడ్డా” అన్నాను. “మీ బిళ్ళలు ఆడనే ఉన్నయి. లేవండ్రి, మొకం కడుక్కోండ్రి. మీ చేతులతోని తీసుకోవాలె. మామను ఇంటికి పోనియ్యాలె.”